బూచాడి పాలు

బుడంకాయ ఖాళీ చేతులు తిప్పి చూపించాడు. బాటిల్ ఏదని.

"బూచాడు ఎత్తుకుపోయాడు నాన్నా," అంది తల్లి.

అడిగిన ప్రతిసారీ అందరూ అదే మాట చెప్పాలని ఆదివారం ఒప్పందం. రెండేళ్లవాడి రక్తం ఎనిమిది గ్రాములకి పడిపోయింది మరి. ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లోనే. రోజుకి వందమంది కాగితాలు చూసే మనిషి, కొడుకు కాగితం మీది అంకెని మూడుసార్లు చదువుకుంది.

"పాలతోనే పొట్ట నింపేస్తే ముద్దకి చోటెక్కడుంటుందమ్మా?" అన్నాడు ఆ కాగితం చూసిన డాక్టరు. "బాటిల్ మానిపించండి. వచ్చే సోమవారం మళ్లీ చూద్దాం. ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే."

భర్త బస్సు డ్రైవరు. టైమంటే టైమే. ఎవరి డ్యూటీ ఎప్పుడో, వాడికి ఏ పూట ఏం పెట్టాలో పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆమె ఇంటికొచ్చేసరికి చాలా రోజులు వాడు నిద్రపోతుంటాడు. మెలకువగా ఉన్నా నాన్నమ్మ చంక దిగడు. తల్లి ఒళ్లో పడుకునేది బాటిల్ తాగే ఆ పది నిమిషాలే. బాటిల్ పోతే అదీ పోయినట్టే.

సోమవారం అత్తగారు మోకాళ్ల వ్యాయామానికి వెళ్లి పదకొండింటికి వచ్చారు. మనవణ్ణి ఎత్తుకుని ముఖం చిట్లించారు.

"వీడి మెడంతా పాల వాసనేంటే? ఎవర్రా ఇచ్చింది?"

"బూచి," అన్నాడు బుడంకాయ హుషారుగా.

డ్యూటీకి బయల్దేరుతున్న ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెరటి తలుపు గడియ వేశావా?"

"స్నానానికి వెళ్లానత్తయ్యా. గుర్తులేదు."

ఆ మధ్యాహ్నం వాడు ముద్ద ముట్టలేదు. బుధవారం అత్తగారు వ్యాయామానికి వెళ్లొచ్చినప్పుడూ అంతే. మళ్లీ పాల వాసన. మళ్లీ బూచి. ఇంకోసారి ఇలా జరగకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

శుక్రవారం కూడా జరిగింది.

శనివారం సాయంత్రం భర్త కొత్త తాళంకప్పతో వచ్చాడు. "బాటిల్ పారేశావు కదా?"

"ఆదివారమే," అంది.

అతను తల్లివైపు తిరిగాడు. "అమ్మా, వాడి ఏడుపు చూడలేక నువ్వేగానీ..."

"వాడి మీద ఒట్టు," అన్నారు పెద్దావిడ. "ఆ సీసా నేను ముట్టుకుంటే ఒట్టు. పసివాడి ఒంట్లో రక్తం లేదని తెలిసీ ఆ పని చేస్తానట్రా?" కళ్లు ఒత్తుకున్నారు. ఆ మాటకి కోడలు తల ఎత్తలేకపోయింది.

"అయితే ఎవడో ఇంట్లోకి వస్తున్నాడు."

"దొంగైతే టీవీ ఎత్తుకుపోతాడు గానీ, పిల్లాడికి పాలు పట్టి పోతాడా?" అన్నారు అత్తగారు.

"అదే నాకూ భయం. పోలీసులకి చెప్పేస్తాను."

"పోలీసులెందుకండీ?" అంది ఆమె.

"పోనీ, వీణ్ణే అడుగుదాం." అతను వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. "బుడంకాయ్, బూచాడెక్కడున్నాడ్రా? నాన్నకి చూపించు."

"వద్దండీ, దడుచుకుంటాడు." అంది ఆమె కింద కూర్చుంటూ.

"నేనున్నాగా. చూపించరా."

వాడు పెరటి తలుపు వంక చూశాడు, నాన్నమ్మ వంక చూశాడు, ఆపైన బుడిబుడి అడుగులేసుకుంటూ వచ్చి తల్లి ఒళ్లోకెక్కి, వెల్లకిలా పడుకుని, "బూచీ, పాలు," అంటూ నోరు తెరిచాడు.