పిచ్చుక పథ్యం

"నోరు తెరువు."

పిచ్చుక నోరు తెరిచింది. తల్లి టార్చిలైటు వేసి నాలుక చూసింది, చిగుళ్ల పక్కన వేలు పెట్టి తడిమింది, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నీ దిండు మీద రొట్టె పొడి ఎక్కడిది?"

"నాకు తెలీదమ్మా. నిన్న నానమ్మ ఆ దిండుకి ఆనుకుని కూర్చుంది."

తొమ్మిదేళ్లొచ్చినా ఆ పిల్లకు అబద్ధమాడటం చేతకాదు. ఆ సంగతి తల్లికి తెలుసు. తెలిసినా అనుమానం పెనుభూతం.

ఆ ఇంట్లో పథ్యం మొదలై పదకొండు నెలలైంది. పిల్లకు ఊరికూరికే కడుపునొప్పి వస్తోందని పరీక్షలు చేయించారు. పనిలో పనిగా పెద్దావిడకూ చేయించారు. రెండు కవర్లూ ఒకేసారి వచ్చాయి. తల్లి మొదటిది విప్పింది, కాగితం నిండా ఎర్రసిరా గుర్తులు. ఒంట్లో ఈస్టు మితిమీరి పెరిగిందట, చక్కెర బొత్తిగా పడదట. ఆ అంకెలే ఫోన్లో చదివి వినిపిస్తే పథ్యం చెప్పే ఆవిడ చాంతాడంత జాబితా రాయించింది. చక్కెర, తేనె, పళ్లు, రొట్టె, పులియబెట్టినవి ఏవీ పిల్ల కంట పడకూడదు. అంకెలు మాత్రం కనిపించేలా పై భాగం వెనక్కి మడిచి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించారు. రోజూ దాన్ని చూసే వంట.

చిత్రమేమిటంటే తండ్రి పనిచేసేది బేకరీలో. పొద్దస్తమానం ఈస్టు కలిపిన పిండి పిసికి వచ్చి, మెట్ల కిందే చొక్కా మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కున్నాకే కూతుర్ని దగ్గరికి తీసుకునేవాడు.

"పదిమందికీ రొట్టె పెట్టేవాణ్ని, నా పిల్లకి పెట్టుకోలేకపోతున్నా" అనేవాడు అప్పుడప్పుడు.

ఇంత చేసినా పిల్ల చిక్కి సగమైంది. కడుపునొప్పి తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది, అదీ లెక్కల పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే. అసలు పేరు నానమ్మదే పెట్టుకున్నారు గానీ, అత్తగారి పేరు పెట్టి కసురుకోవడానికి కోడలికి నోరు రాక పిచ్చుక అని పిలుచుకుంది. ఇప్పుడు పిల్ల ఆ ముద్దుపేరుకు తగ్గట్టే తయారైంది. ఎవరో చాటుగా తీపి పెడుతున్నారని, అందుకే రోగం కుదరడం లేదని తల్లికి గట్టి నమ్మకం.

ఆమె వెళ్లి అత్తగారి గది తలుపు తోసింది. పెద్దావిడ గోడవైపు తిరిగి కూర్చుని, ఒళ్లో కాగితం పరుచుకుని బన్ను తింటోంది.

"పిల్లకి పెట్టారా అత్తయ్యా?"

"ఒట్టు. దాని కంట పడకూడదనేగా తలుపేసుకున్నా. అమ్ముడుపోనివి వాడు తెస్తాడు. వాడి రెక్కల కష్టం చెత్తబుట్టలో వెయ్యమంటావా?"

 అడిగే హక్కు కోడలికీ లేదు. బళ్లో పంచిన చాక్లెట్లూ, పక్కింటివాళ్లు ఇచ్చిన కేకు ముక్కలూ పిల్ల చేతిలోంచి లాక్కుని అత్తగారికి అందించేది తనే.

"ఈమధ్య నోరంతా పూసిందే అమ్మాయ్" అంది పెద్దావిడ, చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతూ. "ఎంత తాగినా దాహం. ఇది కూడా సయించడం లేదు. ఇక చాల్లే."

"మిగిల్చారంటే అది చూస్తుంది. తినేయండి."

"దిగడం లేదే."

"పిల్ల కోసం, అత్తయ్యా."

పిల్ల పేరెత్తేసరికి పెద్దావిడ మారుమాట్లాడకుండా తినేసింది. చివరి ముక్క దిగేదాకా కోడలు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత నేల మీది పొడి తుడిచేసింది.

వారం తిరక్కుండానే పెద్దావిడ మంచం మీంచి లేవలేదు. ఒళ్లు పేలిపోతోంది, కొడుకుని పట్టుకుని నువ్వెవరని అడిగింది. ఆసుపత్రిలో డాక్టరు ఆమె నోట్లోకి చూసి మొహం చిట్లించాడు. గంట తర్వాత కోడల్ని పక్కకి పిలిచాడు.

"చక్కెర విపరీతంగా ఉంది. ఈస్టు నోట్లోంచి రక్తంలోకి పాకింది. ఇదివరకెప్పుడూ పరీక్ష చేయించలేదా?"

"పోయినేడు చేయించామండి. నాకేం రోగమే అని ఆవిడ కవరు కూడా విప్పనివ్వలేదు. పిల్ల గొడవలో పడి మేమూ మర్చిపోయాం."

"అది తీసుకురండి. అప్పుడే తెలిసి ఉంటే పథ్యంతోనే నయమయ్యేదమ్మా."

"ఇప్పుడు?"

డాక్టరు బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. "కొడుకుని దగ్గరే ఉండమనండి" అన్నాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో మూతపెట్టిన డబ్బా.

"ఇందులో నా గుడ్డూ కూరా ఉన్నాయమ్మా. నానమ్మకి తీసుకెళ్లు. నా పథ్యం తింటే తగ్గుతుందేమో."

ఆమె పిల్ల తల నిమిరి లోపలికి పోయింది. అల్మరా అడుగు సొరుగులో, పాత కరెంటు బిల్లుల కింద ఆ కవరు అంటించింది అంటించినట్టే ఉంది. ఫ్రిజ్ పక్కన నిలబడే చింపింది.

ఎర్రసిరా ఎక్కడా లేదు. చక్కెర సరిగ్గా ఉంది. ఈస్టు లేదు. ఒక్కొక్క అంకె మీదా వేలుపెట్టి రెండుసార్లు చూసుకుంది. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. పోయినేడు అత్తయ్యకి ఏ జబ్బూ లేదు, తమ వల్ల జరిగిన తప్పేమీ లేదు. పదకొండు నెలల తర్వాత మొదటిసారి ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. డాక్టరుకి చూపించడానికి కాగితం మడవబోతూ పై వరుస చదివింది.

పేరు పక్కన, వయసు తొమ్మిది అని ఉంది.