పళ్ళెంలో మొదటి బిస్కెట్

ఓవెన్‌లోంచి తీసిన బిస్కెట్‌ని విద్య బల్ల మీద కొట్టి చూసింది. టక్కుమంది.

"ఇది మూడోసారి," అంది నీరసంగా.

నరసింహ ఒకటి కొరికి దవడ పట్టుకున్నాడు. "బాగానే ఉన్నాయి. గోడకి మేకులు దిగ్గొట్టుకోవచ్చు."

"వెక్కిరించకండి. బిస్కెట్లంటే టీలో ముంచుకు తినేవనుకున్నాన్నేను. మజ్జిగ పోసి చేయడమేమిటో, వాటిని టిఫిన్‌లా తినడమేమిటో నాకేం తెలుసు?"

విద్య పార్సిప్పనీ అనే ఊరికి కాపురానికొచ్చి ఏడాది కాలేదు. అది ఎనభై ఒకటి చలికాలం. అంతకుముందు నరసింహ అలబామాలో నాలుగేళ్ళు చదివాడు. ఆ నాలుగేళ్ళూ మిసెస్ ప్రూయిట్ అనే ఒంటరి ముసలావిడ ఇంట్లో ఒక గది తీసుకుని ఉన్నాడు. ఆవిడ రోజూ పొద్దున్నే చేసిపెట్టిన బిస్కెట్ల మాటెత్తితే చాలు, మనిషి ఇక్కడ ఉండడు.

"గుడ్డు కూడా ముట్టనివాణ్ణి కదా, క్యాంటీన్‌లో నాకు దొరికేది ఉడకేసిన బంగాళదుంపలే. ఆవిడే లేకపోతే చదువు మానేసి వెనక్కెళ్ళిపోయేవాణ్ణి. వేడివేడిగా పొరలు విడిపోయేవి విద్యా! వాటి మీద తేనె వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది."

"అంత ప్రేమున్నవారు ఒక్కసారైనా వెళ్ళి చూసొచ్చారా మరి?"

నరసింహ మొహం చిన్నబోయింది.

"నా కాలు మంచిది కాదు. అక్కడ ఏటా మన జాతరలాంటి కౌంటీ ఫెయిర్‌లో బిస్కెట్ల పోటీ పెడతారు. మొదటొచ్చినవాళ్ళకి నీలం రిబ్బన్. పదకొండేళ్ళు వరసగా అది ఆవిడదే. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే పోయింది. నేనున్నన్నాళ్ళూ రాలేదు. నేనిలా వచ్చేశాను, అలా మళ్ళీ వచ్చింది. పోటీకి పట్టుకెళ్ళే పళ్ళెంలోంచి మొదటి బిస్కెట్ నాకే పెట్టేది పాపం. నా చెయ్యి తగిలే..."

"చదువుకున్నవాళ్ళు అనే మాటలేనా?" అని కసిరింది గానీ విద్య మనసు కరిగిపోయింది. ఆ పూటే అతనికి తెలియకుండా ఆవిడకి ఉత్తరం రాసింది. 'మీకు రిబ్బన్ తెచ్చిన బిస్కెట్లు ఎలా చేస్తారో కాస్త రాసి పంపండి' అని రెండే ముక్కలు.

పదిరోజుల్లో ఒక కార్డు వచ్చింది. మైదా, ఉప్పు, బేకింగ్ పౌడర్, బటర్‌మిల్క్ అన్నీ అర్థమయ్యాయి. ఒక్క మాట మాత్రం కొత్తది. విద్య కార్డు పట్టుకుని పై అపార్ట్‌మెంట్‌కి పరిగెత్తింది. అక్కడుండే లూసీది గుంటూరు. నర్సుగా పదేళ్ళ నుంచి ఈ దేశంలోనే ఉంది.

"అక్కా, లార్డ్ అంటే ఏమిటి?"

"పంది కొవ్వు," అంది లూసీ వంకాయలు తరుగుతూ.

విద్య కుర్చీలో కూలబడింది.

"ఆవిడకి మాంసం తిననని మొదటి రోజే చెప్పారట అక్కా ఈయన!"

"చెప్పే ఉంటాడు. కొవ్వుని వాళ్ళు మాంసం అనుకోరు విద్యా. మనకి వంటనూనె ఎలాగో వాళ్ళకది అలాగ. పాపం, ఆవిడకేం తెలుసు?"

నరసింహ రొట్టె ప్యాకెట్ కొన్నా దాని మీద రాసింది రెండుసార్లు చదివిగానీ నోట్లో పెట్టుకోని మనిషి. పొద్దున్నే సంధ్యావందనం చేయనిదే కాఫీ ముట్టని మనిషి. చెబితే రెండ్రోజులు అన్నం ముట్టడు, సరే. ఆ తర్వాత ఆవిడ పేరు ఇంకెప్పుడైనా వెలిగిపోయే మొహంతో తలుచుకోగలడా? ఆ నాలుగేళ్ళూ మైలపడిపోవూ? విద్యకి ఏడుపొచ్చింది.

"అబద్ధమాడేస్తానక్కా," అంది కళ్ళు తుడుచుకుని. కార్డుని నాలుగు ముక్కలు చేసి లూసీ చెత్తబుట్టలో పడేసింది. "ఆ కొవ్వు బదులు ఏం వేయొచ్చు?"

"వెన్న వెయ్. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టే వెయ్యి. చపాతీ పిండిలా పిసక్కు, వేళ్ళ కొసలతో కలిపి వదిలెయ్. నీ ఇంట్లో పల్చటి మజ్జిగ పోస్తున్నావేమో, కొట్లో చిక్కటి బటర్‌మిల్క్ దొరుకుతుంది, అది తెచ్చుకో."

ఆదివారం పొద్దున బిస్కెట్లు పొంగాయి. నరసింహ ఒకటి విరిచాడు. పొరలు విడిపోయి ఆవిరి లేచింది. తేనె వేసుకుని తిన్నాడు, ఇంకోటి తీసుకున్నాడు. చూస్తే కళ్ళనిండా నీళ్ళు.

"అదే రుచి విద్యా. అచ్చం అదే."

విద్య చటుక్కున సింక్‌వైపు తిరిగిపోయింది. వెన్నకీ పంది కొవ్వుకీ తేడా తెలియని నాలుక ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుంది. ఆవిడే చేసే పద్ధతి రాసి పంపిందని మాత్రం చెప్పింది.

అంతే, నరసింహ ఆగలేదు. అప్పటికప్పుడు అలబామాకి ఫోన్ కలిపాడు. చిన్నపిల్లాడిలా గలగలా మాట్లాడి, రిసీవర్ విద్య చేతిలో పెట్టి, మిగిలినవి లూసీకి ఇచ్చొస్తానని పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళాడు. అతను తలుపు వేసేదాకా ఆగి, విద్య తన ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

"అమ్మా, మీరు రాసిన లార్డ్ నేను వేయలేదు. వెన్న వేశాను. మీ బిస్కెట్లలో ఏముండేదో ఆయనకి తెలియదు. మీకు పుణ్యముంటుంది, ఎప్పుడూ చెప్పకండి."

అవతల ముసలావిడ మెల్లగా నవ్వింది.

"నువ్వడిగింది రిబ్బన్ తెచ్చిన బిస్కెట్లు కదమ్మా! నీకూ పోటీకి వెళ్ళాలని ఉందేమో అనుకుని అవి రాశాను," అంది. "అతనున్న నాలుగేళ్ళూ, పోటీకి కూడా, నేనూ వెన్నే వేశాను."