గిలక్కాయగాడి అమ్మ

“అదిగో, వీడు మళ్ళీ అటే పోతున్నాడు!” అంది డప్పుగాడి అమ్మ నవ్వుతూ.

చాప మీద గుండ్రంగా కూర్చున్న తల్లులందరూ తలలు తిప్పారు. ఏడాదిన్నర గిలక్కాయగాడు అమ్మ ఒళ్ళోంచి జారి, చేతిలో గిలక్కాయ ఊపుకుంటూ, తప్పటడుగులు వేసుకుంటూ అవతలి గోడ దగ్గరికి బయలుదేరాడు. అక్కడ తలకు స్కార్ఫ్ కట్టుకున్నావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. వాడు తిన్నగా వెళ్ళి, ఆవిడ మోకాలి మీద గిలక్కాయతో టకటకా రెండు వేశాడు.

టీచరమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగలేదు గానీ, మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ పాటల క్లాసులో తల్లులకు పేర్లుండవు. మొదటిరోజు బుట్టలోంచి ఏ పిల్ల ఏ వాయిద్యం లాక్కుంటే దానికి అదే పేరు. తల్లికి అదే ఇంటిపేరు. డప్పుగాడి అమ్మ, మువ్వల పాప అమ్మ, గిలక్కాయగాడి అమ్మ. మాటలు కూడా సరిగ్గా రాని పిల్లలకు తను నేర్పేది సంగీతమని టీచరమ్మే అనుకోదు. నలుగురితో కలిసి చప్పట్లు కొట్టడం, తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టడం, పాట ఆగితే తనూ ఆగడం. ఆపాటి వస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుందంటుంది.

పేరు లేనిదల్లా స్కార్ఫ్ ఆవిడకే. ఆవిడ వెంట పిల్లలెవరూ రారు మరి.

మొదటిసారి గుమ్మంలోనే నిలబడి, “ఊరికే కూర్చుని చూడొచ్చా అండీ?” అని అడిగింది. మనిషి గట్టిగా గాలి వేస్తే పడిపోయేలా ఉంది.

“దానికేం, చూడండి. బాబా, పాపా?”

“బాబు.”

“మరి తీసుకురాలేదేం?”

“వస్తాడండీ,” అంది ఆవిడ తల దించుకుని.

చేర్పించే ముందు ఒకసారి చూసుకుందామనుకునే తల్లులు మామూలే. టీచరమ్మ సరేనంది. కానీ వారాలు గడుస్తున్నా బాబు జాడ లేదు. ఆవిడ మాత్రం అందరికంటే ముందొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. చూపంతా గిలక్కాయగాడి మీదే. వాడు చప్పట్లు కొడితే ఆవిడ పెదాలు కదులుతాయి. వాడు బోర్లా పడితే గబుక్కున లేవబోయి, మళ్ళీ తమాయించుకుంటుంది.

“పాపం, బిడ్డను పోగొట్టుకుందేమో టీచర్,” అంది డప్పుగాడి అమ్మ ఓరోజు చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి. “అయినా పరాయి బిడ్డ మీద అంత ఆశేమిటండీ? నేనైతే నావాణ్ణి అటు పోనిస్తానా!”

ఆ మాట టీచరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. గిలక్కాయగాడి అమ్మ చూస్తే వట్టి మెతక మనిషి. “వెళ్ళు నాన్నా, ఆవిడకి వాయించి చూపించు,” అని తనే వాణ్ణి పంపుతుంది. మొదట్లో వాడు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ‘మ్మా’ అని చూసేవాడు. ఈమధ్య తిరిగి చూడటం కూడా మానేశాడు. ఈ పెద్దవాళ్ళ సరదా ముదిరితే రేపు నలిగిపోయేది పసివాడే కదా అనుకుంది టీచరమ్మ.

ఆ రోజు ఆఖర్న జోలపాట. తల్లులు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఊపుతున్నారు. గిలక్కాయగాడు స్కార్ఫ్ ఆవిడ ఒళ్ళోనే ఉండిపోయాడు. ఆవిడ వాణ్ణి గాజుసామాను పట్టుకున్నట్టు పట్టుకుని బిర్రబిగుసుకుపోయింది.

“ఎడం చేతి మీదికి మార్చండి,” అంది గిలక్కాయగాడి అమ్మ ఇవతలి నుంచి మెల్లిగా. “వాడికి అలా అయితేనే నిద్ర.”

ఆవిడ మార్చింది. వాడు ఆవిడ మెడ వంపులో మొహం దూర్చి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పాట పూర్తికాకముందే కళ్ళు మూశాడు. ఊపిరి తీస్తే ఎక్కడ లేస్తాడోనన్నట్టు ఆవిడ కదలకుండా కూర్చుండిపోయింది.

ఇవతల గిలక్కాయగాడి అమ్మ కిటికీ వైపు తిరిగి, అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

అది చూశాక టీచరమ్మ ఇక ఊరుకోలేకపోయింది.

క్లాసు ముగిసి అందరూ వెళ్ళారు. స్కార్ఫ్ ఆవిడ నిద్రపోతున్నవాణ్ణి భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. వాయిద్యాలు బుట్టలో సర్దుతూ టీచరమ్మ గిలక్కాయగాడి అమ్మను దగ్గరికి పిలిచింది.

“ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకమ్మా. వచ్చే వారం నుంచి ఆవిణ్ణి రావద్దని చెప్పేస్తాను.”

ఆమె ఉలిక్కిపడింది. “అయ్యో, అంత పని చెయ్యకండి టీచర్!”

“నీకు మొహమాటమైతే ఆ చెడ్డపేరేదో నేనే మోస్తాలే. వాడికి ఆవిడ బాగా అలవాటైపోతోంది. రేపు నీ దగ్గరికి రానని మొండికేస్తే?”

“అలవాటు కావాలనే కదా టీచర్.”

“ఏమిటీ?”

“ఇంట్లో అయితే వాడు నా చంక దిగడు. కొత్త మొహం కనిపిస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. ఇక్కడ పాటలో పడితే నన్ను మర్చిపోతాడు. అందుకే ఆవిణ్ణి ఇక్కడికే రమ్మన్నాను.”

“నువ్వే రమ్మన్నావా? ఎవరమ్మా ఆవిడ?”

ఆమె వాడి బుల్లి చెప్పులు తీసి, దుమ్ము దులిపి, సంచిలో పెట్టింది. వరండాలోంచి జోలపాట సన్నగా వినిపిస్తోంది. శ్రుతి తప్పుతోంది, అయినా ఆగడం లేదు.

“మొన్నమొన్నటిదాకా ఆస్పత్రిలోనే ఉంది టీచర్. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు.” ఆమె సంచి భుజాన తగిలించుకుంది.

“వాణ్ణి కన్నది ఆవిడే.”