ఎనిమిది మైక్రాన్లు

“బోర్డు మీద ఒక సున్నా ఎక్కువైందమ్మా.”

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

చిరిగిన తెల్లకోట్లు మూటకడుతూ, ముసలి దర్జీ గోడమీది బోర్డు కేసి చూస్తున్నాడు.

గుండె రక్తనాళాల్లో అమర్చే సన్నటి గొట్టాలు తయారుచేసే కంపెనీ అది. వాటి మీద మందుపూత ఎంత మందం ఉండాలో లెక్కగట్టి బోర్డు మీద రాయడం ఆమె పని. అద్దాల గదిలో ఒక్కర్తే కూర్చుంటుంది. ఒక్కర్తే తింటుంది. చేరి మూడు నెలలైనా, ఆ గదిలోకి వచ్చి పలకరించే మనిషి సోమవారం సోమవారం కోట్ల కోసం వచ్చే ఈ దర్జీ ఒక్కడే.

అయినా ఆ మాట ఆమెకు రుచించలేదు.

“ఏ సున్నా?”

“కాగితంలో ఎనిమిది వేల నానోమీటర్లని ఇందాక పైకే చదివావు కదా. వెయ్యి నానోమీటర్లయితే ఒక మైక్రాన్. అంటే ఎనిమిది. నువ్వు ఎనభై వేశావు.”

“ఇవి మీ టేపుకు అందే కొలతలు కావు. తల వెంట్రుకే డెబ్బై మైక్రాన్లు ఉంటుంది, తెలుసా?”

“తెలుసమ్మా. మరి పూత వెంట్రుక కన్నా మందంగా ఉంటుందా?”

ఆమె ముఖం కందిపోయింది.

“మీరు చేతుల పొడవు చూసుకోండి. చాలు.”

దర్జీ మూట భుజాన వేసుకున్నాడు.

“కోపం నా మీద చూపించు తల్లీ, ఫర్వాలేదు. లెక్క మాత్రం ఇంకోసారి చూడు.”

ఆమె చూడలేదు. పంతం.

మధ్యాహ్నం తింటున్న డబ్బా సగంలోనే మూసేసింది. చేతులు కడుక్కుని వచ్చి లెక్క మళ్లీ వేసింది.

ఎనిమిది.

ఇంకోసారి వేసింది. ఎనిమిదే.

పూత మొదలవడానికి పావుగంట ఉంది. పరుగెత్తింది. యంత్రం ఆపించింది. వరుసగా పేర్చి ఉన్నాయి మూడు వందల గొట్టాలు. మూడు వందల గుండెలు. తిరిగి వచ్చి బోర్డు మీది సున్నా చెరిపేసింది.

ఆ విషయం చెప్పుకోవడానికి ఆమెకు ఎవరూ లేరు, దర్జీ తప్ప.

సోమవారం కోసం ఎదురుచూసింది. క్షమాపణ ఎలా అడగాలో రెండుసార్లు పైకే అనుకుని చూసుకుంది.

దర్జీ రాలేదు.

ఆ పై సోమవారం, కుట్టిన కోట్ల మూటతో ఒక నడివయసు ఆవిడ వచ్చింది.

“మా బాబాయి పోయాడండీ. నిద్రలోనే. ఇవన్నీ కుట్టి, మడతపెట్టే పడుకున్నాడు.”

ఆమె బోర్డు కేసి చూసింది.

“ఆయన ఇంతకుముందు ఇంజనీరుగా చేశారా?”

“ఇంజనీరా! ఐదో తరగతి గట్టెక్కలేదు.”

“మరి ఈ మైక్రాన్లు, నానోమీటర్లు? నోటి లెక్కగానే చెప్పేశారు.”

ఆవిడ కోట్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. తల ఎత్తలేదు.

“వాళ్ల పాప గుండెలో వేసిన గొట్టానికి పూత ఎన్నో మైక్రాన్లు ఎక్కువైందని ఆస్పత్రివాళ్లు ఒక కాగితం రాసిచ్చారండీ, పిల్ల ఎందుకు పోయిందో తనే చదివి తెలుసుకోవాలని, కూడబలుక్కుంటూ ఆ లెక్కలన్నీ నేర్చుకున్నాడు.”