‘జి’ మీద దెబ్బ

"సాయంత్రం ఆటలో నీ పేరు కొట్టేస్తున్నా, జబోకా," అన్నాడు కలిప్సో అనే ఎగతాళి పాటల టెంటు మేనేజరు హాస్పెడేల్స్, చెవి మీది పెన్సిలు తీస్తూ.

'లార్డ్ జబోకా' అని బిరుదు తగిలించుకున్న ఆ పాటగాడు పెన్సిలుకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ ఏటి కార్నివాల్‌కి అతని దగ్గరున్నది ఈ ఒక్క పాటే.

"ఏమన్నా, తిట్లు చాల్లేదా?"

"తిట్లు భేషుగ్గా ఉన్నాయి. 'ఆపొజిషన్ లీడరు, పార్లమెంటులో గుర్రు.' పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే. కానీ ఆ 'ఆపొజిషన్' మాట దగ్గర నువ్వో దారి, డప్పో దారి. గంట టైమిస్తున్నా. కుదరకపోతే ఇంటికెళ్ళి చేపలు పట్టుకో."

జబోకా 'ఆ' మీద బలం వేసి పాడాడు. డప్పు తప్పింది. 'షన్' మీద వేశాడు. బ్యాండువాళ్ళు వాయించడం మానేసి నవ్వుకున్నారు.

అందరికంటే ముందే వచ్చి వెనక వరసలో చింతపండు ఉండ చప్పరిస్తున్న పెద్దావిడ లేచింది.

"ఏవయ్యా, అంత మాటనీ ఒక్క గుక్కలో మింగబోతావేం? విడగొట్టు. ఆ, పొ, జి, షన్. మొదటి రెండూ మెట్లనుకో, చకచకా ఎక్కెయ్. బరువంతా 'జి' మీద దించు. డప్పు అక్కడే కాచుక్కూర్చుంది."

"మరి లీడరో, టాంటీ?" అన్నాడు జబోకా, అత్తయ్యా అని పిలిచినంత చనువుగా.

"'లీ' మీద ఇంకో దెబ్బ వెయ్యి. 'డర్' సంగతి నీకెందుకు, దానంతటదే జారిపోతుంది."

ఆవిడ కుర్చీ వీపు మీద చేత్తో దరువేసింది. జబోకా అందుకున్నాడు. ఆపొ-జి-షన్ లీ-డర్. డప్పు దానికి అతుక్కుపోయింది.

"ఆ, అదీ. ఇంకా గట్టిగా. మొహమాటపడకు నాయనా, తిడితే తిట్టినట్టుండాలి."

సాయంత్రం టెంటు కిక్కిరిసిపోయింది. రెండోసారి పల్లవి వచ్చేసరికి జనమే పాడేస్తున్నారు. 'జి' దగ్గర అందరి కాళ్ళూ ఒక్కసారే నేలని తన్నుతున్నాయి. మూడుసార్లు వెనక్కి పిలిచి మళ్ళీ పాడించారు. హాస్పెడేల్స్ పెన్సిలుతో తాళం వేస్తూ, రేపటి ఆటకీ అతని పేరు రాసుకున్నాడు.

జబోకా చెమటతోనే పరిగెత్తుకెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"నా పరువు నిలబెట్టావు టాంటీ. కానీ ఆ లీడరు పెద్దమనిషి మీద నీకెందుకంత కసి?"

"కసేంటయ్యా," అందావిడ పమిట్లాంటి పెద్ద రుమాలు సర్దుకుంటూ. "ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, మూడు కార్నివాళ్ళుగా తనని తిట్టే పాటే లేదని తిండి సయించక కూర్చున్నాడు మా ఆయన."