ఎవరూ కట్టుకోని చోటు

వంటమనిషి యూనిస్ సాక్చి బజారు నుంచి లడ్డూలు తెచ్చింది. "మాకు సర్కారు ఇల్లొచ్చింది సార్! నది ఒడ్డున."

వరదల నిపుణుడు అనంతకృష్ణ ఉలిక్కిపడ్డాడు. అక్కడ కట్టొద్దని రిపోర్టు ఇచ్చింది తనే. వెంటనే ఇళ్ల పథకం అధికారికి ఫోన్ చేశాడు.

"మీ రిపోర్టు చూసే కట్టాం సార్," అన్నాడతను హిందీలో. "అక్కడ ఇంతవరకూ ఎవరూ ఇల్లు కట్టుకోలేదని రాశారుగా. ఎవర్నీ ఖాళీ చేయించే పన్లేకపోయింది."

"ఎందుకు కట్టుకోలేదో ఆ కిందే రాశానయ్యా!"

"ఫైలు మూసేశాం సార్."

అనంతకృష్ణ ఫోన్ దించాడు. "ఆ ఇంట్లోకి వెళ్లొద్దు యూనిస్. వరదొస్తుంది."

ఆమె చేతిలో లడ్డూ ఆగిపోయింది.

"అదేటి సార్? ముందు నాకూ బయమేసింది. ఆ ఇళ్ల కాడ బోర్డు మీద సలహాదారని మీ పేరు సూసినాకే పర్సుడీహ్‌లో అద్దె గది ఒదిలీసినాం."