గుడ్ల సీసా

“మాస్టారూ, ఇవి మనల్నే చూస్తున్నాయి!” అంది కోనోహా.

చేపగుడ్లు పొదిగించే కేంద్రంలో, నీళ్ల తొట్టి చుట్టూ నాలుగో తరగతి పిల్లలంతా మూగారు. ఒక్కో సాల్మన్ గుడ్డులో రెండేసి నల్లటి చుక్కలు. అవి కళ్లని నిషిదా మాస్టారు చెప్పారు. తల్లిచేప సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతుందని కూడా చెప్పారు. అంతే, కోనోహా వెక్కివెక్కి ఏడ్చింది.

“ఒట్టు! నేనింక చచ్చినా చేపగుడ్లు ముట్టను. తినేవాళ్లు రాక్షసులు!”

“నిన్నటిదాకా నువ్వూ లొట్టలేశావు కదే?” అంది పక్కింటి తొమోయె మెల్లిగా.

“నిన్న తెలీదు. ఇవాళ తెలిసింది!”

బడిలో పెంచుకోమని కేంద్రంవాళ్లు కొన్ని గుడ్లు సీసాలో పోసిచ్చారు. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లే అదృష్టం చీటీల్లో తొమోయెకి తగిలింది. వేసవి నుంచీ దానికోసమే కలవరిస్తున్న పిల్ల, ఎగిరి గంతేసింది.

మధ్యాహ్నం ఏటి గట్టున భోజనాలు. పొద్దున హడావుడిలో కోనోహా తన అన్నం ముద్ద ఇంట్లోనే మరిచిపోయింది. వాళ్ల అమ్మమ్మ ఆయాసపడుతూ వచ్చి, కదలబోతున్న బస్సు కిటికీలోంచి దాన్ని తొమోయెకి అందించి, నవ్వుతూ ఏదో చెప్పి వెళ్లింది. ఇప్పుడు తొమోయె సంచిలో కాసేపు తడిమి, వెండి కాగితం చుట్టిన ముద్ద తీసి కోనోహాకిచ్చింది. తన ముద్ద పట్టుకుని బండరాయి చాటుకి పోయింది.

కోనోహా కొరికి చూసింది. లోపల ఊరేసిన ఉమె పండు. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ, పోనీలే, అమ్మమ్మ బంగారం. మరి ఇదేమిటి, ఒక్కతే చాటుగా తింటోంది? కోనోహా వెళ్లి తొంగి చూసింది.

తొమోయె చేతిలోని ముద్ద నిండా ఎర్రటి చేపగుడ్లు.

“ఓసి పాపిష్టిదానా!” కోనోహా అరుపుకి అందరూ పరిగెత్తుకొచ్చారు. “ఇప్పుడే కదే వాటి కళ్లు చూశాం! సిగ్గు లేదూ? మాస్టారూ, దీనికా సీసా ఇస్తారు? దొంగ చేతికి తాళాలిచ్చినట్టే!”

“ఇంట్లో పెట్టింది తింటోంది, తప్పేముందమ్మా?” అన్నారు మాస్టారు.

“తప్పే!” అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

తొమోయె నోరు తెరిచింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కోనోహా కళ్లవంక చూసింది.

“ఆకలేసింది,” అని మాత్రం అంది.

ఆ మాటతో కోనోహాకి ఒళ్లు మండిపోయింది. పిల్లల పోరు పడలేక మాస్టారు సీసా తీసి కోనోహా చేతికిచ్చారు. తిరుగు బస్సులో తొమోయె వెనక సీట్లో ఒంటరిగా కూర్చుంది. కోనోహా దాని మొహం కూడా చూడలేదు. ఇలాంటిదాంతోనా ఇన్నాళ్లూ స్నేహం చేశాను అనుకుంటూ, సీసాని గుండెలకి హత్తుకుంది.

బడి గేటు దగ్గర అమ్మమ్మ ఎదురుచూస్తోంది.

“చూశావా అమ్మమ్మా! వీటిని నేనే కాపాడి తెచ్చాను!”

అమ్మమ్మ వంగి సీసాలోకి చూసి, బోసినవ్వు నవ్వింది.

“నీ ముద్దలో పెట్టిన చేపగుడ్లు సరిపోయాయటే?”